ముప్పై ఏడో నంబరు పొలం

మా నలుగురిలో పేర్లు రాసే పని నా స్నేహితురాలిది. డాక్టర్ సార్ రక్తం తీసేవారు. నేను పొలం చూసి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎన్ని తడులు పెడుతున్నారు, ఏ పురుగుమందు కొడుతున్నారు అని రాసుకునేదాన్ని. కంప్యూటర్ చదువు చదివిన నాలుగో అతను మేం తెచ్చిన కాగితాలన్నీ యంత్రంలోకి ఎక్కించి, బయటివాళ్ల చేతికి చిక్కకుండా తాళాలు వేసేవాడు. నా స్నేహితురాలిది లాయరు చదువు. మనిషిని అడగకుండా అతని రక్తం తీసుకోవచ్చా, అడిగి తీసుకున్నాక అతని పేరు ఎవరెవరికి చెప్పొచ్చు అన్నది ఆమె పరిశోధన.

నలుగురివీ నాలుగు చదువులైనా ప్రశ్న ఒకటే. నీళ్లున్న చోట పంట ఎక్కువ. పంట ఎక్కువైన చోట మందు ఎక్కువ. మరి ఆ మందు కొట్టే మనిషి ఒంటికి ఏమవుతోంది? దానికోసం రెండేళ్లు తిరిగాం. తెలంగాణ కోసం రోడ్లన్నీ కదిలిన కాలమది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పటికి ఒకే జిల్లాలో ఉండేవి. జనగామ స్టేషన్ రోడ్డులో ఒక మేడ మీది రెండు గదులు మా ఆఫీసు.

నాది రఘునాథపల్లి దగ్గర ఊరు. మాకు భూమి ఉంది, బోర్లు ఉన్నాయి. ఆమెది తొర్రూరు పక్కన తండా. హాస్టల్లో రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మా బాపు ఆమెను, "ఎవలోల్ల బిడ్డవు?" అని అడిగాడు. ఆమె తండా పేరు చెప్పింది. "మీ తండోళ్లే కదా మాకు పత్తి ఏరనీకి వచ్చేది," అన్నాడు బాపు, పరిచయం దొరికిన సంతోషంతో. నేను తల వంచుకున్నాను. ఆమె మాత్రం నవ్వి, "మా అమ్మ గూడ వచ్చే ఉంటది బాపూ," అంది. తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది.

ఊళ్లలో ఎలా మాట్లాడాలో ఆమె దగ్గరే నేర్చుకున్నాను. "పేరు ముందుగాల అడగకు. సర్కారోల్లు అనుకుంటరు," అనేది. ఒప్పంద కాగితం చదివి వేలిముద్ర తీసుకుంటే సరిపోతుందని మేమందరం అనుకునేవాళ్లం. ఆమె కాగితం పక్కన పెట్టి, లంబాడీలో మొత్తం చెప్పి, "ఇప్పుడు నాకు తిరిగి చెప్పు యాడీ," అనేది. యాడీ అంటే అమ్మ. తిరిగి చెప్పలేకపోతే మళ్లీ మొదటినుంచి. ఒక్కొక్కరికి అరగంట పట్టేది. డాక్టర్ సార్ సూది పట్టుకుని నిలబడి గడియారం చూసుకునేవారు. పేరు ఆమె రిజిస్టరులో మాత్రమే ఉండేది. మిగతా ముగ్గురికీ మనిషి అంటే నంబరు. అదే నంబరు రాసిన చిన్న చిట్టీని ఆ మనిషికీ ఇచ్చేవాళ్లం.

కొత్తగూడ దాటి అడవిలోకి ఇంకా పోతే ఒక తండా ఉంది. అక్కడివాళ్లు అడవి నరికి పోడు కొట్టిన, కాగితాల్లేని భూముల్లో సేద్యం చేస్తారు. కొందరికి వాగు నీళ్లు అందుతాయి. ముప్పై ఏడో నంబరును నేనక్కడ చూశాను. నలభై ఏళ్లుంటాయేమో. మోకాలి లోతు వాగులో నిలబడి రాళ్లు పేరుస్తోంది. ఆ రాళ్ల కట్టకు తగిలి నీళ్లు పక్కకు మళ్లి, చిన్న కాలువలో పడి, ఆమె వరి మళ్లలోకి పారుతున్నాయి. తన మడి నిండగానే బురదా గడ్డీ కలిపి ఆ దారి మూసి, కిందివాళ్ల వైపు తెరిచింది. నేను చదువుకున్నదంతా ఆమె కాళ్ల దగ్గర జరుగుతోంది.

"ఈ కట్ట గిక్కడ పెట్టాలని ఎవలు చెప్పిండ్రు అక్కా?" అని అడిగాను.

"ఎవలు చెప్తరు. అప్పట్ల పైన పెడితే తెగింది. అందుకే కిందికి పెట్టినం."

నేను ఒడ్డు మీద కూర్చుని పొలం పటం గీశాను. వాగు మలుపు, ఇప్పచెట్టు, రెండుగా చీలిన బండ, కాలువ, ఎగువన పత్తి, దిగువన వరి. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని వచ్చి చూసింది. "బండ గింత పెద్దగ లేదు," అంది. చెరిపి చిన్నగా గీశాను. అప్పుడు ఒప్పుకుంది.

ఆ మధ్యాహ్నం నేనూ నా స్నేహితురాలూ ఆ కాలువలో కాళ్లు పెట్టుకుని, మక్క రొట్టెలు పచ్చిమిరపకాయల తొక్కుతో తిన్నాం. ఆమె అప్పుడే ఒక పుస్తకం సంగతి ఎత్తింది. కాగితం లేని నీళ్ల గురించి ఇద్దరం కలిసి రాయాలని. "నీళ్లు ఎట్ల పారుతయో నువ్వు రాయి. ఎవలవో నేను రాస్త," అంది. పేర్లు ఎవరివి ముందుండాలన్న దాని మీద కాసేపు కొట్లాడుకున్నాం కూడా. రాయని పుస్తకం మీద. నా జీవితంలో అంత నిండుగా గడిచిన మధ్యాహ్నాలు చాలా లేవు. ఆ సంగతి ఆ పూట తెలియలేదు.

తర్వాత సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. రిపోర్టులు రావాల్సిన ల్యాబు సగం రోజులు మూసి ఉంటోంది. ఒకరోజు మా ఆఫీసుకు అడవి పని చూసే ఉద్యోగి ఒకాయన వచ్చాడు. మర్యాదగా కూర్చుని మంచినీళ్లు తాగాడు.

"మీరు సర్వే చేసిండ్రట గదా. ఎవలు ఎంత దున్నుతున్నరో కాగితం ఉంటది. జర మాకు గూడ ఇయ్యిండ్రి. మాకు తిరుగుడు తప్పుతది."

"ఇచ్చేది కాదు సార్," అంది నా స్నేహితురాలు.

"అయితే పైనుంచి రాయించి అడుగుతం," అని లేచి వెళ్లిపోయాడు. కోపంగా కూడా అనలేదు.

అతను వెళ్లాక నలుగురం కూర్చున్నాం. కంప్యూటర్ అతనిది కృష్ణా జిల్లా. ఉద్యమం మాటలు వచ్చినప్పుడు మౌనంగా ఉండేవాడు గానీ ఆ రోజు అతనే ముందు మాట్లాడాడు. "నేను వేసిన తాళం ఎవరూ పగలగొట్టలేరండి. కానీ తాళంచెవి నా బుర్రలో ఉంది. నన్ను కూర్చోబెట్టి గట్టిగా అడిగితే ఎంతసేపు ఆగుతానో నాకే తెలీదు. అసలు పేర్లే లేకపోతే నయం," అన్నాడు.

"పని కాంగనే పేర్లు తీసేస్తమని ఒప్పంద కాగితంల మనమే రాసినం," అంది ఆమె.

"రిపోర్టులు రాలేదు కదమ్మా," అన్నారు డాక్టర్ సార్.

"చిట్టీలున్నయి సార్. మనం నంబరు చెప్తే ఎవల్ది వాళ్లు చూసుకుంటరు."

అది సబబుగానే తోచింది. నేనూ సరే అన్నాను. అతను యంత్రంలోని జాబితా తుడిచేశాడు. ఆమె రిజిస్టరులోని పేజీలు చింపి, మేడ మీద ఇటుకల మధ్య పెట్టి కాల్చింది. గాలికి అంటుకోకపోతే అగ్గిపుల్ల మీద చేతులు అడ్డం పెట్టింది నేనే.

ఆ తర్వాత పది రోజులకేమో రిపోర్టులు వచ్చాయి. డాక్టర్ సార్ ఒక్కో కాగితం తిప్పుతూ ఒక చోట ఆగిపోయారు.

"ముప్పై ఏడు. రక్తం నాలుగే ఉంది. పన్నెండు ఉండాలి. ఈమె నిలబడి పని చేస్తోందంటే నమ్మలేను. ఎవరీమె?"

నా కాగితాల్లో ఆ నంబరు పక్కన తండా పేరు ఉంది గానీ, మనిషి పేరు ఎవరమూ చెప్పలేకపోయాం. నా స్నేహితురాలు అప్పటికి వకీళ్ల నిరసనకని హైదరాబాద్ వెళ్లి, రైళ్లు ఆగి అక్కడే చిక్కుకుపోయింది. ఫోన్ చేసి అడిగితే, ఆ తండా అరవై మంది పేర్లలో ముప్పై ఏడు ఎవరో తనకూ గుర్తు లేదంది. తండాలో కిరాణా కొట్టతనికి ఫోన్ చేసి నంబర్లు చాటించింది. అందరూ చిట్టీలు పట్టుకుని వచ్చారు. ముప్పై ఏడు రాలేదు.

నా దగ్గర పటం ఉంది. నంబరు వేసిన పటం. పేరు తెలియకపోయినా పొలం తెలుసు, మొహం తెలుసు. ఆనవాళ్లు ఫోన్‌లో చెబితే కొట్టతను పోల్చుకోలేకపోయాడు.

"పోయి పటం పట్టుకుని వెతుకుత," అన్నాను ఫోన్‌లో.

"ఒక్కదానివే పోకు. రెండు దినాలు ఆగు, ఎట్లనన్న వస్త. ఆ పటం మాత్రం ఎవలకూ చూపెట్టకు," అంది.

రెండు రోజులు ఆగాను. ఆమె రాలేకపోయింది. ఒక్కో రోజూ ముప్పై ఏడో నంబరు ప్రాణం మీదికి తెస్తుందని డాక్టర్ సార్ అంటూనే ఉన్నారు. మూడో రోజు పొద్దున బయల్దేరాను.

జనగామ నుంచి తొర్రూరు దాకా ట్రాలీ ఆటోలో, ఉల్లిగడ్డ బస్తాల మీద కూర్చుని వెళ్లాను. అక్కణ్నుంచి మహబూబాబాద్ దాకా ఎవరిదో పెళ్లి జీపు. దారిలో ఒక చోట రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. "తిని పో అక్కా, మల్ల ఎక్కడ దొరుకుతదో," అని విస్తరి చేతిలో పెట్టారు. గూడూరు దాటాక ఏ బండీ దొరక్క నడుస్తుంటే, బైకు మీద ఒక పెద్దాయన ఆగాడు. తెల్ల అంగీ, మెడలో తువ్వాల. తండా పేరు చెబితే, "నేను గటే పోతున్న, ఎక్కు బిడ్డా," అన్నాడు.

అడవిలో దారి రెండుగా చీలింది. తండా దారి ఆయనకు తెలుసు గానీ, ఆ పొలానికి ఎటో నాకు తెలియలేదు. ఎండ మండిపోతోంది. మనసులో నాలుగు అన్న అంకె తప్ప ఇంకేమీ లేదు. సంచిలోంచి పటం తీసి ఆయనకు చూపించాను.

ఆయన బండి ఆపి శ్రద్ధగా చూశాడు. "చీలిన బండ, ఇప్పచెట్టు. ఈ మలుపు నేను చూసిన. వీళ్లు గింత లోపల్దాక వచ్చిండ్రా," అన్నాడు. సరిగ్గా ఆ పొలం ఒడ్డు దాకా తీసుకుపోయి దింపాడు. నీళ్ల సీసా కూడా ఇచ్చి వెళ్లాడు. ఆయనది కూడా అదే అడవి ఉద్యోగమని అప్పటికి నాకు తెలియదు. అడగలేదు. ఆయన చెడ్డవాడని ఇప్పటికీ అనలేను. తన పని తాను చేశాడు.

పొలంలో ఎవరూ లేరు. తండాలో ఆమె అత్త దొరికింది. "పత్తికి పోయిండ్రు, మొగడు పెండ్లాం. భూపాలపల్లి దిక్కు," అంది. ఏ ఊరో ఆమెకు తెలియదు. కొట్టతని ఫోన్ నుంచి డాక్టర్ సార్‌కు చెప్పాను. మర్నాడు ఆయన ఎక్కడో ఒక జీపు పట్టుకుని వచ్చారు. ములుగు మీదుగా భూపాలపల్లి వైపు పోయి, కనిపించిన ప్రతి పత్తిచేను దగ్గరా ఆగి అడిగాం. నల్లరేగడి చేలు, తెల్లగా పగిలిన కాయలు, నడుముకు బట్ట సంచులు కట్టుకున్న ఆడవాళ్లు. మూడో ఊర్లో, చేను గట్టున నెత్తి మీద తువ్వాల కప్పుకుని కూర్చుని ఉంది. పెదవులు సున్నం పూసినట్టున్నాయి. అందరూ వరసల్లో ఉంటే ఆమె ఒక్కతే కూర్చుంది.

నన్ను చూసి కొంచెం నవ్వింది. "బండ పెద్దగ గీసిన పిల్లవు గదా."

"చిట్టీ ఏమైంది అక్కా?"

"కొంగుకు ముడేసుకున్న. చీర పిండితే పోయింది. ఎందుకు, ఏమైంది?"

ఏళ్లుగా నెల నెలా ఆమెకు రక్తం పోతూనే ఉందట. అందరికీ ఇంతేననుకుందట. దవాఖానలో చేర్చి రక్తం ఎక్కించారు. ఇచ్చినవాళ్లలో మా కంప్యూటర్ అతను కూడా ఉన్నాడు. తర్వాత ఆపరేషన్ చేసి గర్భసంచిలో గడ్డ తీశారు. నా స్నేహితురాలు రైలు కదిలిన రోజే నేరుగా దవాఖానకు వచ్చింది. ఆమె తల ఒళ్లో పెట్టుకుని నూనె రాసి, చిక్కులు తీసి జడ వేసింది. ఇద్దరూ లంబాడీలో ఏదో మాట్లాడుకుని నవ్వారు. వరండాలోకి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుని, "నువ్వు పోకపోతే సచ్చిపోతుండె," అంది. ఆమె నన్ను అలా పట్టుకోవడం అదే ఆఖరు.

రెండు నెలలకు ఆ పొలం ఖాళీ చేయమని అడవి శాఖ నోటీసు వచ్చింది. ఆ కాగితం చేత పట్టుకుని నా స్నేహితురాలు జనగామ ఆఫీసుకు వచ్చింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను.

"తండాల అరవై ఇండ్లున్నయి. గీ ఒక్క పొలానికే ఎందుకొచ్చింది?"

నాకు అర్థమైంది. పెద్దాయన సంగతి చెప్పాను. బైకు, చీలిన దారి, పటం, అన్నీ. ఆమె మధ్యలో ఆపలేదు. మొత్తం విన్నాక, "చూపెట్టకుమన్న గదా," అంది.

"ఆమె బతికింది గదా," అన్నాను.

ఎన్నిసార్లు వెనక్కి తీసుకుందామనుకున్నానో ఆ మాటను. ఆమె గొంతు పెంచలేదు. "బతికింది. నేను కాదంటలేను. కానీ ఆమె పొలం ఆమెనడగకుంట నువ్వు చూపెట్టినవ్. మీ బాపు పొలమైతే గట్ల తెల్వనోల్లకు చూపెడుదువా?"

మా బాపు పొలం ఎవరికి చూపిస్తే ఏం పోతుంది, దానికి పట్టా ఉంది అని మనసులో అనుకున్నాను. అనుకోగానే ఆమె అడిగినదేమిటో తెలిసింది. నా మొహం చూసి ఆమెకూ తెలిసినట్టుంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ కేసు ఆమే పట్టుకుంది. అడవి హక్కుల చట్టం కింద వాళ్లు ఎప్పటినుంచో దున్నుతున్నారని చూపించాలి. ఆ ఎండాకాలం నాకు ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. రెండే వాక్యాలు: పటం అసలు కాగితం కావాలి, కట్ట దగ్గర ఒండ్రు గురించి నీ నోట్సులో ఉన్నది రాసి సంతకం చేసి పంపు. రాళ్ల కట్ట వెనక ఒండ్రు మట్టి పొర మీద పొరగా ఎంత మందం పేరుకుందో నేను కొలిచి రాసుకున్నాను. అది ఒకటి రెండేళ్లలో పేరుకునేది కాదు. ఎన్ని వానాకాలాలు పడుతుందో వివరంగా నాలుగు పేజీలు రాశాను. చివర్లో నా తప్పు గురించి కూడా రాసి, ఆ పేజీ తీసేసి, మిగతావి పంపాను.

వాయిదాల మీద వాయిదాలు నడిచాక దిగువ వరి మళ్లు వాళ్లకే దక్కాయి. ఎగువన పత్తి వేసే ముక్క పోయింది. కాగితాలు వచ్చాయని డాక్టర్ సార్ చెబితేనే నాకు తెలిసింది.

రాష్ట్రం వచ్చిన రోజు జనగామలో అందరూ రోడ్ల మీదే ఉన్నారు. రంగులు, పటాకులు, డప్పులు. మా బాపు కూడా మొహం నిండా గులాల్ పూసుకుని ఇంటికొచ్చాడు. నేను ఒక గోడ వారగా నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. మోగుతూ మోగుతూ ఉంటే, ఎత్తదులే అనుకున్నాను. ఎత్తింది. అటువైపు కూడా డప్పులే.

"వచ్చింది," అన్నాను.

"వచ్చింది," అంది.

ఇంకేదో అనబోయాను. "ఎవలో పిలుస్తున్నరు, పోత మల్ల," అని పెట్టేసింది. ఎవరైనా నిజంగానే పిలిచారేమో.

నేను ఇప్పుడు పిల్లలకు నీటి యాజమాన్యం పాఠం చెబుతున్నాను. కంప్యూటర్ అతను తన ఊరి దగ్గర ఉద్యోగం చూసుకున్నాడు. డాక్టర్ సార్ రిటైరయ్యారు. ఆమె మహబూబాబాద్‌లో వకీలు. ఒకసారి ఆ ఊరి బస్టాండులో నల్లకోటు చేతి మీద వేసుకుని, ఒక ముసలాయనతో మాట్లాడుతూ నడిచిపోవడం చూశాను. ఆయన చెప్పింది తల వంచి వింటోంది, మునుపటిలాగే. పిలవడానికి నోరు తెరిచాను కూడా. బస్సు వచ్చింది, ఎక్కాను.

ఏ పని చేస్తున్నా మనసులో ఆమెతోనే మాట్లాడుతుంటాను. ఏదైనా చెరువు కింద ఆయకట్టు చూడబోతే, ఇది ఎవరిదని ఆమె అడిగేది కదా అనుకుంటాను. ఒంటరిగా పుస్తకం మొదలుపెట్టాను రెండుసార్లు. నీళ్లు ఎలా పారుతాయో రాయగలిగాను. మిగతా సగం నాకు రాదు.

పోయిన కోతల కాలంలో ఆ తండాకు వెళ్లాను. ముప్పై ఏడో నంబరు అక్క జుట్టు నెరిసింది గానీ మనిషి గట్టిగా ఉంది. రాళ్ల కట్టను ఇంకో నాలుగు బారలు కిందికి జరిపింది. నేను పటం తీయలేదు. చేతులు కట్టుకుని చూశానంతే.

"వకీలు బిడ్డ ఏడాదికోసారి వస్తది. నువ్వు గూడ వస్తవు. ఇద్దరు కల్సి రారేంది?" అని అడిగింది.

"ఆమెకు కోర్టు, నాకు కాలేజి అక్కా."

ఆ మాట నమ్మలేదు. లోపలికి పోయి రెండు మూటలు తెచ్చింది, ఆ మళ్లల్లో పండిన కొత్త బియ్యం. "ఒకటి నీది. ఒకటి దానికియ్యి. తొవ్వల్నే గదా," అంది.

మహబూబాబాద్ కోర్టు దగ్గర దిగాను. ఆమె వేరే ఊరికి పోయిందన్నారు. మూట ఆమె గుమస్తా దగ్గర పెట్టి, ఎవరిచ్చారో చెప్పి వచ్చాను. మర్నాడు క్లాసులో ఉండగా ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ఏళ్ల తర్వాత ఆమె దగ్గర్నుంచి.

"బియ్యం ముట్టినయి."

పిల్లలను ఏదో రాసుకోమని చెప్పి కిటికీ దగ్గరికి వెళ్లాను. చాలా రాసి చెరిపాను. చివరికి పంపింది ఇంతే: "కొత్త బియ్యం. ఎసరు జర తక్కువ పెట్టుకో."

కాసేపటికి జవాబు వచ్చింది.

"ఎరుకే."